తాతల ఫైలు

సుధాకరరావుగారికి ఎవరు ఎదురుపడినా ముందు అడిగేది పేరు కాదు, తాత పేరు. అది చెప్పామా, చచ్చామే! వెంటనే రెండో ప్రశ్న, "ఆయన తండ్రి?" అదీ చెబితే మళ్ళీ "ఆయన తండ్రి?" మనకు తెలిసిన పేర్లు అయిపోయి నీళ్ళు నమిలేదాకా వదలరు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మన ముత్తాత ఎక్కడ ఆగిపోయాడో రాసుకుంటారు.

దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్న మా నిర్మాణ కంపెనీ ఆఫీసులో ఆయన డాక్యుమెంట్ కంట్రోలర్. కంపెనీలో పుట్టిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, ముద్ర కొట్టి, సంతకానికి పంపడం ఆయన పని. ఊరు రాజమండ్రి. నేను మాలతిని, హైదరాబాద్‌దాన్ని. పక్క సీట్లో కూర్చుని జనం సెలవులూ వీసాలూ చూస్తుంటాను. ఇద్దరి ఇళ్ళూ ఐన్ ఖాలిద్‌లోనే కాబట్టి రోజూ ఆయన కార్లోనే రాకపోకలు. అంటే రోజుకు రెండుసార్లు మా తాతల్ని తవ్వి తీయించుకోవడం నా తలరాత.

"మాలతిగారూ, మీ ముత్తాతగారి ఫైలు ఇంకా అప్రూవల్ కాలేదండీ. మూడో రివిజన్‌లో ఉంది."

"మా ముత్తాతను ప్రశాంతంగా ఉండనివ్వండి మహాప్రభో! ముందు సిగ్నల్ చూడండి."

ఒకసారి నా రెసిడెన్సీ కార్డు తెస్తానని సర్వీస్ సెంటర్‌కు వెళ్ళారు. గంటలో రావాల్సిన మనిషి సాయంత్రానికి వచ్చారు, మొహం వెలిగిపోతోంది.

"ఆ కౌంటర్లో ఖతారీ ఆయన ఉన్నారు చూడండీ, తాత పేరు అడిగితే ఆగకుండా పదకొండు తరాలు చెప్పేశారండీ! ఖర్జూరాలు పెట్టారు, గహ్వా అని వాళ్ళ కాఫీ ఇచ్చారు. ఎంత మర్యాదస్తుడండీ!"

"నా కార్డేదీ?"

ఆయన జేబులు తడుముకున్నారు. పదకొండు తరాలూ ఉన్నాయి. కార్డు మాత్రం, ఇక్కడి అరబ్బీలో చెప్పాలంటే, మాఫీ... లేదు!

ఇలాంటి మనిషికి అమెరికా నుంచి బార్లో అనే కొత్త ప్రాజెక్ట్ మేనేజర్ దొరికాడు. మొదటిరోజే ఈయన అడిగారు. బార్లో పారిపోకపోగా ఛాతీ విరిచి మరీ చెప్పాడు. మూడున్నర శతాబ్దాల కిందట నథానియల్ బార్లో అనే ఆయన ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి మేరీలాండ్‌లో దిగాడట. అమెరికా అప్పటికి ఇంగ్లండ్ రాజుగారి వలస. ఆయనెవరో ప్రభువుగారి కొడుకనీ, నడుముకు కత్తితో దిగాడనీ వాళ్ళింట్లో చెప్పుకుంటారట. కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

కాగితం లేదనే మాట సుధాకరరావుగారు తట్టుకోలేరు. ఇంగ్లండ్‌లో చర్చీలకు, మేరీలాండ్‌లో పాత దస్తావేజుల ఆఫీసుకు ఈమెయిళ్ళు మొదలుపెట్టారు. రెండు నెలల పాటు లంచ్ టైమంతా నథానియల్‌కే. ప్రమోషన్ కోసం కాకా పడుతున్నారని ఆఫీసంతా గుసగుసలు. నాకు గుసగుసలు చేతకావు, మొహంమీదే అడిగాను.

"బాస్ గారి వంశవృక్షానికి నీళ్ళు పోస్తే మీ జీతం పూస్తుందనా?"

"అబ్బే, అదేం లేదండీ. పాపం, ఆయన తాత ఓడ దిగి ఎటు పోయాడో ఎవరికీ తెలీదు కదండీ" అన్నారు. నేను నమ్మలేదు.

అప్పుడొచ్చాడు జలంధర్, తన సెలవు అర్జీ ఏమైందో కనుక్కోవడానికి. మా సైటులో కడ్డీలు కట్టే మేస్త్రీ. జగిత్యాల పక్క పల్లె.

"బార్లో సారు ఏమన్నడు మేడం?"

"బిల్డింగ్ హ్యాండోవర్ అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదన్నారు జలంధర్."

"గట్లంటే ఎట్ల మేడం! పెండ్లైన ఎనిమిదేండ్లకు పుట్టింది బిడ్డ. వచ్చే నెలల తొట్టెల. నేనొచ్చేదాకా పేరు పెట్టనియ్యనని మా అవ్వ సాయవ్వ, మా నాయిన తల్లి, పట్టువట్టి కూసుంది. పది దినాలిస్తే సాలు."

సరిగ్గా అప్పుడే పక్క సీట్లోంచి వినిపించింది.

"మీ తాతగారి పేరేంటి జలంధర్?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి ఏడుపు మొహంతో నిలబడితే మీకిప్పుడు తాతలు కావాలా?"

జలంధర్ మాత్రం కళ్ళు తుడుచుకుని జవాబు చెప్పాడు. "మల్లయ్య సారు. బొంబాయిల బట్టల మిల్లుల పని జేసిండు. మా నాయిన తొట్టెలకు గాయనకు గూడ సెలవియ్యలేదంట. మా అవ్వ గదే యాది జేస్తది. మా ఇంట్ల గదే రాతనేమో."

సుధాకరరావుగారు "ఆయన తండ్రి?" అని అడగలేదు! పెన్ను మూసి కంప్యూటర్ వైపు తిరిగారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

అది జరిగిన పన్నెండో రోజున "నాతో ఒకసారి రండీ" అంటూ నన్ను బార్లో గదికి తీసుకెళ్ళారు. ఒకే ఫైలు, ముద్ర కొట్టి ఉంది. లోపల మూడు కాగితాలు. బార్లో ఆత్రంగా మొదటిది తీశాడు.

నథానియల్ ప్రభువూ కాదు, కత్తీ లేదు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు. ఓడ ఛార్జీ లేక, ఏడేళ్ళు పొగాకు తోటలో పని చేస్తానని ఒప్పందం మీద నిశానీ పెట్టి వచ్చాడు.

బార్లో మొహం మాడిపోయింది. సుధాకరరావుగారు వినయంగా, "కంపెనీ వీసా లాంటిదే సార్. మధ్యలో మారడానికి లేదు" అన్నారు. నేను ఫైల్లోకి తల దించుకుని నవ్వాపుకున్నాను.

రెండోది ఒక అర్జీ. నథానియల్ భార్య, మూడేళ్ళ కొడుకుతో తర్వాతి ఓడలో వస్తోంది. రేవుకు వెళ్ళడానికి పది రోజుల సెలవడిగితే, పొగాకు కోతల కాలమని యజమాని కుదరదన్నాడు. నథానియల్ కోర్టుకు వెళ్ళాడు.

బార్లో కళ్ళజోడు సర్దుకున్నాడు. "రేవుకు వెళ్ళాడా?"

"వెళ్ళాడు సార్. కోర్టు పది రోజులిచ్చింది. ఆ పదీ చివర్లో కలిపి పని చేయమంది. రేవులో దిగిన ఆ పిల్లాడి మనవల మనవలే సార్ మీరంతా."

బార్లో మూడో కాగితం తిప్పాడు. జలంధర్ సెలవు అర్జీ. అదీ పది రోజులే. దానిమీద తన చేత్తో తానే రాసిన 'కుదరదు' అలాగే ఉంది.

మా ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయనే అనుకున్నాను. బార్లో ఆ రెండో కాగితాన్ని, మూడో కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత పగలబడి నవ్వి, పెన్ను తీసి 'కుదరదు' కొట్టేశాడు. "పది రోజులు. చివర్లో కలపొద్దు" అని రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నిలదీశాను. "ఆ నథానియల్ అర్జీ ఎక్కడ దొరికింది మీకు?"

దొంగలా నవ్వి ఫోన్ చూపించారు. మేరీలాండ్ ఆఫీసు ఆవిడ రాసిన జవాబు. "ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. పూర్వీకుడికి పొలమెంత, బిరుదేమిటి అని అడిగినవాళ్ళే అందరూ. ఆయనకు ఎప్పుడైనా సెలవు దొరికిందా అని అడిగింది మీరొక్కరే." ఈయన ఆ ప్రశ్న పంపిన తేదీ చూశాను. జలంధర్ వచ్చి వెళ్ళిన రోజే.

"దొరక్కపోతే ఏం చేసేవారండీ?"

"బార్లోగారికి తల్లి వైపు తాతలు కూడా ఉంటారు కదండీ!"

కాకా అన్నందుకు నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం కార్లో, అడక్కుండానే మా అమ్మమ్మ తండ్రి పేరు కూడా చెప్పేశాను.

జలంధర్ ఊరెళ్ళి పదకొండో రోజుకల్లా డ్యూటీకి వచ్చేశాడు, చేతిలో మురుకుల డబ్బాతో. బిడ్డకు మల్లీశ్వరి అని పేరు పెట్టారట. డబ్బాతోపాటు ఒక కాగితం ఇచ్చాడు.

"మా అవ్వ పంపింది సారు. మామ పేరు, పెనిమిటి పేరు నోటితోని చెప్పనని మా చిన్నాయినతోని రాయించింది. ఆరు తరాలున్నయి. దుబాయ్ల ఉన్న ఆ సారుకు ఇయ్యిమన్నది. ఆమెకు గల్ఫంత దుబాయే."

సుధాకరరావుగారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, నంబరు వేసి, ముద్ర కొట్టారు. జలంధర్ కదలకుండా నిలబడ్డాడు.

"గని సారు, మీ తాత పేరేంది?"

సుధాకరరావుగారు అలవాటుగా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మళ్ళీ జేబులోనే పెట్టేశారు. నేను ఆయన పక్క సీట్లో ఉన్న ఈ పదకొండేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళు ఎవరూ లేరని నాకు అప్పుడు తట్టింది.

"కోటేశ్వరరావుగారండీ" అన్నారు చివరికి, చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ. "గోదావరి మీద లాంచీ నడిపేవారు..."

లంచ్ టైమైంది. అందరికీ ఆకలేస్తోంది. ఎవరూ లేవలేదు. నేను మురుకుల డబ్బా మూత తీసి బల్లమీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఆయన తండ్రి?"