ఎసరు పెట్టించే చప్పుడు

మా ఆయన పోయిన ఏడాదంతా ఆ జీపుకి ఎవరూ తాళం పెట్టలేదు. పెట్టకూడదని మా అత్తగారి మాట. పోయినవాడి బండి సంవత్సరీకం అయ్యేదాకా కదలకూడదట, కదిలితే వాడి ప్రాణం దాని వెంటే తిరుగుతుందట. తిరిగితే తిరగనీ, నాకు కావలసిందీ అదే అని పైకి అనబోయి ఊరుకున్నాను. కొడుకుని పోగొట్టుకున్న మనిషితో ఏం వాదిస్తాం? రోజూ పొద్దున్నే టార్పాలిన్ తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ కప్పేదాన్ని. బండికి చేయవలసిందంతా చేస్తున్నాననే అనుకున్నాను.

శృంగవరపుకోట నుంచి కొండ కింద ఊళ్లకి మనుషుల్ని తిప్పే డీజిల్ జీపు అది. మా పెళ్లినాటికే పాతది. దానికో చప్పుడుండేది, టిక్కు టిక్కు టిక్కుమని. వీధి మలుపు తిరక్కముందే వినబడేది. అది వినగానే నేను ఎసరు పెట్టేదాన్ని. ఆయన బండి నిలిపి, స్నానం చేసి వచ్చేసరికి అన్నం పొగలు కక్కుతుండాలి. చల్లారిన అన్నం ముట్టేవాడు కాదు, మహారాజు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా అంతే. ఆ దారిలో సిగ్నలుండదు, ఉన్నచోట ఫోన్ చేసే అలవాటు ఆయనకి లేదు. ఆ రొద బాగుచేయించుకోరాదా, వీధి వీధంతా తిట్టుకుంటోంది అని నేనంటే నవ్వి ఊరుకునేవాడు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం గుండె బరువుగా ఉందన్నాడు. గ్యాసు అనుకుని సోడా తాగాడు. ఇంజన్లో చిన్న తేడా వస్తే బండి పక్కకి తీసి బోనెట్ ఎత్తే మనిషి, తనకి తేడా వస్తే సోడా తాగాడు. ఆ కోపం నాకింకా పోలేదు. విజయనగరం ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

సంవత్సరీకం అయిన మర్నాడు మా మరిది, ఆయన తమ్ముడు, కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పాడు. ఈలోగా వాడు డ్రైవింగ్ నేర్చుకున్నాడు. అన్న జీపు తనే నడపాలని వాడి ఆశ. అది మా గుమ్మం ముందే ఉండాలని నా ఆశ. ఇంజను అందుకుంది గానీ, ఆ చప్పుడేమిటి తల్లీ! డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఒకటే టకటకలు. బేరింగు పోయుంటుంది, ఇక కొత్తవలస తీసుకెళ్లి తుక్కుకి ఇచ్చెయ్యడమేనని ఎదురింటాయన తీర్పు చెప్పేశాడు. మరిది మొహం మాడిపోయింది. ఎదురింటాయన్ని పొమ్మనలేక నేనే లోపలికి పోయాను.

శృంగవరపుకోట నుంచి మెకానిక్ వచ్చాడు. మా ఆయనకి స్నేహితుడు, మొదటినుంచీ ఆ జీపు మీద చెయ్యి వేసినవాడు. ఏడాదిలో ఒక్కసారీ స్టార్ట్ చెయ్యలేదని విని తల పట్టుకున్నాడు. కదలని బండిలో ఆయిలంతా అడుక్కి దిగిపోయి, పైభాగం ఎండిపోతుందట. అప్పుడప్పుడు కాసేపు ఇంజన్ని తిరగనిస్తే సరిపోయేదట. నేను ఏడాదంతా తుడిచింది పైరేకునే. పాత ఆయిలు తీసి కొత్తది పోసి, ఇంజను ఆన్ చేయించాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కింద ఒకచోట, పైన ఒకచోట డాక్టరులా విన్నాడు.

"కింద ఏటీ లేదు వదినా, బేరింగు బాగున్నాది," అన్నాడు. "పైన వాల్వుల్ని తట్టే టాపెట్లు కొట్టుకుంతన్నాయి. ఆయిలెక్కితే తగ్గుతాది."

జీపు దక్కింది. మరిది కళ్లు తుడుచుకున్నాడు. ఇంజను వేడెక్కేకొద్దీ ఆ టకటకలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చివరికి ఒక్కటే మిగిలింది. టిక్కు టిక్కు టిక్కు.

నాకేం తెలియలేదు. లోపలికెళ్లాను, గిన్నెలో నీళ్లు పోశాను, పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది, ఎవరికోసమని. అక్కడే గోడకి జారగిలబడి ఏడ్చాను. ఆయన పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

బయటికొచ్చేసరికి ఇంజను ఆపి, పైమూత విప్పి, సన్నటి రేకు సందుల్లో దూర్చి కొలుస్తున్నాడు మెకానిక్. మిగతా టాపెట్లన్నీ కొలతకే ఉన్నాయట, ఒక్కటే లూజట. అది బండి ఏడాది నిలబడినందువల్ల వచ్చింది కాదన్నాడు. పనికి తెచ్చిన ప్రతిసారీ మా ఆయనే దగ్గరుండి దాన్నలా వదిలేయించేవాడట.

"సరిసేస్తానంటే ఒప్పుకునీవోడు కాదు వదినా. 'అదుంటేనే మీ వదిన ఇని ఎసరెడతాది, నాను దిగీసరికి అన్నం వేడిగుంటాది' అనీవోడు."

ఇన్నేళ్లలో నాకొక్క ముక్క చెప్పలేదు. చెబితే ఏం పోయేది? నేను వీధిని అడ్డం పెట్టుకుని సాధిస్తుంటే నవ్వుతూ అన్నం తిన్నాడు. బతికుంటే ఆ పూటకి చల్లన్నమే పెట్టేదాన్ని.

"ఏటి సెయ్యమంటావు వదినా?" మెకానిక్ అడిగాడు. "సరిసేసీమంటావా, అలాగే వదిలీమంటావా?"

మరిది నా వైపు చూడలేదు. రేపటినుంచి ఈ జీపు రోజూ సాయంత్రం మలుపు తిరుగుతుంది. ఆ చప్పుడు వస్తుంది, నా చేతులు గిన్నె అందుకుంటాయి, బండి దిగేది మరిది. అది నా వల్ల కాదనిపించింది.

"సరిసేసీ," అన్నాను. "సప్పుడొస్తే మనిషి రావాల. రాని మనిషికి సప్పుడెందుకు?"

మర్నాడు మరిది మొదటిసారి జీపు బయటికి తీశాడు. పొద్దు వాలేవేళ కూర దించి, బియ్యం కడిగి, గిన్నెలో నీళ్లు పోసి పెట్టుకున్నాను. పొయ్యి పక్కనే కూర్చున్నాను. చీకటి పడింది. గుమ్మంలో అలికిడైతే తలెత్తి చూశాను. మరిది అప్పటికే స్నానం చేసి, తల తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అన్నం అయిందా వదినా?"

పొయ్యి వెలిగించనేలేదు. నేనింకా ఆ చప్పుడు కోసమే కూర్చుని ఉన్నాను.