మెదడు దాకా చేరని మందు

రాజమండ్రి నుంచి వస్తున్న బస్సులో నా పక్కనావిడ కూతురితో సైగలతో మాట్లాడుతోంది. నేను చూడటం గమనించి చెప్పింది.

"మెదడు పొరలకి ఇన్ఫెక్షనొచ్చిందండి. మందుల షాపాయన మాత్రలిచ్చారు. జొరం తగ్గింది కదాని ఊరుకున్నాం. ఆ మాత్రల మందు మెదడు దాకా సరిగ్గా చేరదంటండి, పెద్ద డోసు నరంలోకే ఎక్కించాలంట. ఆసుపత్రికెళ్ళేసరికి వినికిడి పోయింది."

"ఆయన్ని నిలదీయలేదాండీ?"

"పాపం, మంచికే ఇచ్చారు కదండీ."

ధవళేశ్వరంలో నాదీ మందుల షాపే. డాక్టరు చీటీ అడగకుండా, పిల్లల్ని చూడకుండా, నేనూ ఎందరికో అలాగే ఇచ్చాను.

"తమరేం చేస్తారండీ?"

"కాలవల ఆఫీసులో గుమస్తానండి" అన్నాను.

ఆవిడ నన్ను చూపిస్తూ కూతురికి ఏదో సైగ చేసింది. ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టింది.