సాంచెల వీధిలో సర్వప్ప పొయ్యి

ఆకలిని పుట్టించి, ఆ ఆకలి తీరే దారి కూడా తానే చూపిన పరమేశ్వరునికి ముందుగా నమస్కారం. నాలుకకు రుచినీ, గొంతుకు తన నామాన్నీ ఇచ్చిన తండ్రి ఆయన. ఎవరి చేతికి ఎంత రుచి పంచాలో ఆయనకే తెలుసు. ఆ పంపకం నాకు నచ్చని రోజుల్లో కూడా ఆయన్ని స్తుతించడం మానలేదు.

పోయిన కార్తీకంలో భజన కోసం సిరిసిల్ల వెళ్లి, మేము మునుపు కాపురమున్న వీధిలో నడిచాం, నేనూ మా ఆయనా. కార్ఖానాలు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. మూల మీద నూడుల్స్ బండి, దాని పక్కన మిర్చీల బండి. ఇంకో బండికి సర్వపిండి అని బోర్డు కూడా ఉంది, మేము సర్వప్ప అనేది దాన్నే. పెనం మీద దోసెలాగా పలచగా పరిచి కాలుస్తున్నాడు. మా ఆయన ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఆమె చేసినట్టు లేదు" అన్నాడు.

ఆమె ఎవరో నేను అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఒక్క మాటకు నాలో అసూయ భగ్గుమంది.

నేను కోరుట్ల పిల్లను. మా నాయన అక్కడి శివాలయంలో రోజూ సాయంత్రం పురాణం చదివి అర్థం చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చునే నాకు శ్లోకాలు వచ్చాయి, తాళం వచ్చింది. భజన అయ్యాక పంచే పులిహోర కూడా నా చేతిదే. మెట్‌పల్లి నుంచి వచ్చిన భజన వాళ్లు దొప్ప ఖాళీ చేసి మళ్లీ చెయ్యి చాపేవారు. సిరిసిల్లకు కోడలిగా వచ్చినప్పుడు ఆ గర్వం కూడా నాతోనే వచ్చింది.

అప్పటికే ఆ వీధి మారిపోతోంది. ఇళ్లలో మగ్గం గుంతలు పూడ్చేసి సాంచెలు పెడుతున్నారు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. అవి తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని కార్ఖానాలో పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. దారం తెగింది, కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, అన్నీ చేతులతోనే. బయటి నుంచి వచ్చిన నాకు ఆ భాష రాదు.

మా ఆయన పనిచేసే కార్ఖానాకు ఎదురుగా అరుగు మీద ఆమె పొయ్యి. ఆమె భర్త బొంబాయి దగ్గర భీవండిలో సాంచెల పనికి పోయి కబురు లేకుండా ఉన్నాడు. అంతకుముందు ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది కాబట్టి చేతుల మాటలన్నీ తెలుసు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు కలిపి, గుండ్రటి గిన్నె లోపల చుట్టూ అద్దేది. వేలితో చిల్లులు పొడిచి, వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టేది. ఒకటి దిగగానే గిన్నె అడుగును నీళ్లలో ముంచి చల్లార్చి, మళ్లీ పిండి అద్దేది. ఆ గిన్నె చుయ్యిమన్న చప్పుడు సాంచెల రొదలో కూడా నాకు వినపడేది. అది నిజమో నా అనుమానమో ఆ స్వామికే తెలియాలి.

మా ఆయన సాంచె దగ్గర నుంచి కదలకుండానే కిటికీలోంచి చేతులూపేవాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి చేతులతోనే జవాబిచ్చేది. ఆయనకు ఆమె వరసకు వదిన. వదినా మరుదుల పరాచకాలకు ఆ వీధిలో ఎవరూ అడ్డు చెప్పరు. నేను జపమాల పట్టుకుని మా ఇంటి కిటికీలో కూర్చునేదాన్ని. పూసలు తిరుగుతూనే ఉండేవి, కళ్లు మాత్రం ఆ చేతుల మీదే. అలా చూసి చూసి ఒక్కొక్క సైగా నేర్చుకున్నాను. ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. ఆయన తినడం అయ్యాక ఆమె రెండు వేళ్లు పెదవులకు ఆనించి, బొటనవేలితో మా ఇంటి వైపు చూపేది. ఆయన నవ్వి, ఒట్టేసినట్టు తల మీద చెయ్యి పెట్టుకునేవాడు.

నేనూ సర్వప్ప చేశాను. అదే పిండి, అవే చిల్లులు. ఆయన తిని, "బాగనే ఉంది" అన్నాడు. బాగుంది అనలేదు.

అవి అన్నల రోజులు. నక్సలైట్లను అందరూ అన్నలనే అనేవారు. వాళ్లకు అన్నం పెట్టారని కోనరావుపేట, గంభీరావుపేట దిక్కు ఊళ్లలో మనుషుల్ని పోలీసులు పట్టుకుపోతున్నారని రోజూ వినేవాళ్లం. జీపు చప్పుడైతే తలుపులు మూసుకునేవి.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. వీధిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మా ఆయన కార్ఖానా గడపలోకి వచ్చి, అలవాటు కొద్దీ చేతులూపాడు. ఆమె కూడా చేతులతోనే బదులిచ్చింది. అప్పుడే మలుపు తిరిగిన జీపు ఆగింది. దూరపు జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై దిగాడు.

"ఏయ్, ఏంటా సైగలు?"

"సర్వప్ప అడిగిన సార్," అన్నాడు మా ఆయన.

"నోరు లేదా? మిషన్లు ఆగిపోయాయిగా. చేతులతో ఎందుకు?"

"అలవాటు సార్," అన్నాడు. ఆ మాట కూడా చెయ్యి ఊపుతూనే అన్నాడు.

ఎస్సై ఆమె వైపు తిరిగాడు. "ఎవరెవరికి కబుర్లు చేరవేస్తున్నావు? ఎవరికి అన్నం కడుతున్నావు?"

"నా తాన అన్నం లేదు సార్. సర్వప్పలే."

"ఇద్దరూ జీపెక్కండి."

ఆ రోజుల్లో జీపెక్కిన మనిషి ఎప్పుడు తిరిగి వస్తాడో, ఎలా వస్తాడో ఎవరూ చెప్పలేరు. కార్ఖానా మనుషులు తలలు దించుకున్నారు. నేను జపమాలతోనే వీధిలోకి వచ్చాను. అది ధైర్యం కాదు. వాళ్లిద్దరినీ ఒకే జీపులో ఎక్కించడం చూసి వచ్చిన మంట.

"సార్, గా సైగలు నాకెరుక."

"నువ్వెవరు?"

"ఆయన పెండ్లాన్ని. గిట్ల వేలు గుండ్రంగ తిప్పితే సర్వప్ప. గీ రెండు వేళ్లు రాస్తే కారం ఎక్కువెయ్యి అని. అరచెయ్యి బోర్లిస్తే కాలింది చాలు, ఇగ దించు అని. మొన్న సోమవారం రెండు తిన్నడు సార్! ఒక్కపొద్దు ఉన్న అని నాకు జెప్పి!"

"గదేందే, గిప్పుడు గా ముచ్చటెందుకు?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊకో! ఇంట్ల నాతోని ఒక్క మాట రాదు. ఈడికొస్తే పది వేళ్లు ఆడుతయి. మీరు గియ్యాల చూసిండ్రు సార్, నేను ఏడాది సంది చూస్తున్న. ఒక్కటే తెల్వలే. ఆమె చేసేది, పెదవుల మీద రెండు వేళ్లు పెట్టి మా ఇల్లు చూపెడుతది. గదేందో మీరే అడుగుండ్రి!"

కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. ఎస్సై ఆమెను అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

"ఇంటికి పోయి గాడ గూడ తిను అని సార్. నీ పెండ్లాం అన్నం పెట్టుకొని ఎదురుచూస్తది, కడుపుల జాగ ఉంచుకో అని చెప్త. తినకుంటే చెల్లె మనసు నొస్తది గద."

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన పెద్ద కానిస్టేబుల్ ముందుకు వంగాడు. "సార్, గిది ఇంటి లొల్లి సార్. పోదాం."

ఎస్సై మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "కరెంటు లేనప్పుడు నోటితో మాట్లాడండి," అని జీపెక్కాడు.

జీపు పోగానే తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి అవ్వ, "ఓ కోరుట్ల బిడ్డా, నీ కండ్ల ముందట పోలీసోళ్లెంత!" అంది. వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూ, వేడి సర్వప్పను ఆకులో పెట్టి తెచ్చింది.

"తిను చెల్లే. నువ్వు రాకపోతే ఏమైతుండెనో."

తిన్నాను. అంచు కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది, పల్లీ ఎక్కడా మాడలేదు. నాకు ఎప్పటికీ రానిది అదే. "బాగనే ఉంది" అన్నాను.

ఆయన ఆ పూట నా వంట మారు అడిగి తిన్నాడు. ఏడాదిగా నేను వడ్డించిన కంచంలో ఆయన తిన్న ప్రతి ముద్దా ఆమె చెప్పి పంపితే తిన్నదన్నమాట. వంటలో నాకంటే మించింది, సరే. ఒక్క శ్లోకం రాదు, భజనలో ఏనాడూ కూర్చోలేదు. అయినా నా మనసు నొస్తుందని రోజూ తలచుకునేది. నేను ఆమె మేలు కోరి ఒక్క పూస కూడా తిప్పలేదు. నా భర్త ప్రాణాలతో ఇంట్లో ఉన్నందుకు సంతోషించాల్సిన పూట, నేను ఆమె మంచితనాన్ని చూసి ఏడ్చాను.

కొన్నాళ్లకు భర్త నుంచి కబురొచ్చి ఆమె భీవండి వెళ్లిపోయింది. తర్వాత ఏ సంగతీ తెలియదు.

అసూయ పుణ్యాన్ని తినేస్తుందని మా నాయన ఎన్నోసార్లు చెప్పాడు. నేను కూడా భజనల్లో ఎందరికో చెప్పాను. ఇది చదివే మీరు ఎవరైనా సరే, ఒక్క క్షణం నాతో కలిసి ఆ స్వామిని తలచుకోండి. తండ్రీ, ఆమె ఎక్కడున్నా చల్లగా చూడు అని అడుగుదాం. నేను ఒక్కదాన్నే అడిగితే ఆ మాట గొంతు దాటి రావడం లేదు. మీరు మొదలుపెట్టండి, నేను అందుకుంటాను.