గౌనుకి జేబు

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ గౌను చేతికిచ్చి బాగుందా అని అడిగేది కాదు. జేబు చూపించి, "సెయ్యెట్టి సూడండి" అనేది. జేబు లేని గౌను ఆవిడ మిషను మీంచి దిగేది కాదు.

ఏళ్ల తరబడి సాగుతున్న యుద్ధంలో ఇళ్లు వదిలి గుడారాల్లో ఉంటున్న పిల్లలకు మా బడి టీచర్లం గౌన్లు పంపాలనుకున్నాం. ఆవిడ డబ్బు తీసుకోకుండా కుడతానంది. టైము లేదు, జేబులొద్దని ముందే చెప్పాం. పంపే రోజు రానే వచ్చింది. గౌన్లని విశాఖలో ఓడకి అందించాల్సిన వ్యాను వచ్చి హారను కొడుతోంది. ఆవిడ మాత్రం కుట్టేసిన గౌన్లకి మళ్లీ జేబులు వేస్తోంది.

"ఇప్పుడు జేబులెందుకమ్మా?" అని విసుక్కున్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. "ఇల్లొదిలి పరిగెట్టిన పిల్ల ఉత్తి సేతుల్తో రాదు మేడమ్. గవ్వో గోళీయో పట్టుకొచ్చుంటాది. అదెక్కడెట్టుకుంటాది?"

నేను కత్తెర అందుకున్నాను. పక్కిళ్ల వాళ్లు జేబులకని జాకెట్టు ముక్కలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. డ్రైవరు కూడా దిగి దారాలు తెంపాడు. ఆఖరి గౌను వ్యాను ఎక్కేసరికి వీధంతా చప్పట్లు.

రెండు నెలలకు నా ఫోనుకి ఫొటో వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను ఆవిడకి చూపించాలని. గుడారం ముందు మా గౌన్లు వేసుకున్న పిల్లలందరూ చేతులు ఊపుతున్నారు. చివర నిలబడ్డ పిల్ల మాత్రం గుప్పిట జేబులోంచి తియ్యలేదు.

"ఈ పిల్ల ఊపలేదేం?" అన్నాను.

ఆవిడ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఎలాగూపుతాది మేడమ్? దాని సామానంతా ఆ సేతిలో ఉంది."