జేజినాయన శేరు

నా చిన్నప్పుడు మా ఇంటి మగవాళ్ల నోట ‘నొప్పి’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. కాల్లో ముల్లు విరిగినా, తేలు కుట్టినా ‘ఏం కాల్యా’ అని కొట్టిపారేసేవాళ్లు. అదో గొప్ప వాళ్లకు! అందరిలోకీ మొండిఘటం మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన. అలాంటి మనిషి కడుపులో రాచపుండు పుట్టింది. అది క్యాన్సరని, ముదిరిపోయిందని చెప్పి, పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

మా ఊరు బద్వేలుకు దగ్గర. చుట్టుపక్కల ఎవరి కళ్లంలో గింజలు కొలవాలన్నా జేజినాయననే పిలిచేవారు. సొంత అల్లుడికి కొలిచినా, గిట్టనివాడికి కొలిచినా ఆయన శేరులో గింజ తేడా వచ్చేది కాదు. ఆయన పరువంతా ఆ ఇనుప శేరులోనే ఉండేది.

మంచం పట్టాక ఆయన్ని కళ్లతో చూడలేకపోయేవాళ్లం. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కొరికేవాడు. చెమటకు పరుపు తడిసిపోయేది. నేను పక్కన కూర్చుని విసురుతుంటే నా మణికట్టు పట్టుకునేవాడు. వదిలేసరికి వేళ్ల అచ్చులు పడి ఉండేవి. అయినా ఎవరడిగినా ఒకటే జవాబు, ఏం లేదని.

బద్వేలు నుంచి ఒక డాక్టరు వారానికోసారి వచ్చి చూసిపోయేవాడు. ఆయన దగ్గర నొప్పికి గట్టి సూదిమందు ఉంది. కానీ బాధ ఎంతుందో రోగి చెప్పకుండా అంత మందు వేయలేనన్నాడు. ఒక రోజు మంచం పక్కన కూర్చుని మళ్లీ అడిగాడు.

“నొప్పి ఉండాదా పెద్దాయనా?”

“ఏం లేదప్పా. గుండ్రాయి మాదిరి ఉండా.”

మా నాయన ఏదో చెప్పబోతే జేజినాయన కళ్లెర్రజేశాడు. డాక్టరు నిట్టూర్చి బ్యాగు మూశాడు. ఇక వారం దాకా రాడు. ఆ దుప్పటి, ఆ కొరకడం ఇంకో వారం చూడాలంటే నాకు ఏడుపు ఆగలేదు.

అంతలో మా మేనత్త లోపలి నుంచి విసురుగా వచ్చింది. తండ్రికి సేవ చేయడానికి అత్తగారింటి నుంచి వచ్చి ఉందామె. చేతిలో కళ్లం శేరు. దాన్ని తెచ్చి ఆయన గుండెల దగ్గర పెట్టింది.

“అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. చెప్పందే ఈయప్ప మందు ఎట్లిస్తాడు నాయనా? నోటితో చెప్పొద్దులే. నీ నొప్పి ఈ శేరులో యాడికి వస్తాదో చెయ్యి పెట్టి చూపియ్యి. దొంగ కొలత మాత్రం కొలవాకు.”

డాక్టరు గడప దగ్గరే ఆగిపోయాడు. జేజినాయన శేరును తడిమి, వేలు తీసుకుపోయి అడుగున పెట్టాడు. అత్త కదలకుండా తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ వేలు మెల్లగా పైకి కదిలింది. సగం దాటింది. అంచు చేరింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆయన అరచేతిని అంచు మీద డొప్పలా బోర్లించాడు, గింజలు రాశిగా పోసినట్టు.

“పొర్లిపోతాందమ్మా” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాక్టరు వెనక్కి వచ్చి సూది వేశాడు. కాసేపటికి దుప్పటి ఆయన పిడికిట్లోంచి జారింది. గంజి కావాలని అడిగాడు. పోయేదాకా ఆ శేరు మంచం కిందే ఉంది. రోజూ అత్త అందిస్తే ఆయన చూపించేవాడు, డాక్టరు ఇచ్చిపోయిన మందు అత్త దాన్ని బట్టే పట్టించేది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మళ్లీ పొర్లనివ్వలేదు మా అత్త.

ఇప్పుడు అదే జబ్బుతో నా తమ్ముడు కడపలో మంచాన ఉన్నాడు. చదువుకున్నవాడే. నొప్పి పదికి ఎంత అని డాక్టరమ్మ అడిగితే రెండు అంటాడు. రెండట! దిండు వాడి పిడికిట్లో నలిగిపోతుంటే రెండట! జేజినాయన రక్తం ఎక్కడికి పోతుంది? ఊరికెళ్లి, పెట్టె అడుగున ఉన్న ఆ శేరు తెచ్చి మొన్న వాడి పక్కన పెట్టాను. చూసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

బాధలో ఉన్న మనిషిని ‘ఉందా’ అని అడిగితే లేదంటాడు. ‘ఎంత’ అని అడగాలి, అడిగి చెప్పేదాకా కదలకుండా నిలబడాలి. మా అత్త పోయి ఏళ్లయినా నాకు మిగిల్చిపోయింది అదే. నేనూ నిలబడ్డాను. తమ్ముడు చాలాసేపు శేరు వంక చూసి, మెల్లగా దాని అంచు మీద అరచెయ్యి బోర్లించాడు.

ఆ చేతిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో డాక్టరమ్మకు ఫోన్ చేశాను.