టేపు పెట్టి కొలిచిన తోట

చలి తగ్గి ఎండ కాస్త వెచ్చబడగానే డ్రైవింగ్ స్కూల్ మాస్టారికి వ్యవసాయం పూనింది. పూనింది అనే అనాలి. నిరుడు ఇదే రోజుల్లో వేణువు పూనింది, అంతకుముందు ఏడాది చేపలతొట్టి పూనింది. వేణువు అటక మీద ఉంది. చేపలేమయ్యాయని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

పెరట్లో ఉన్నదే కాస్తంత నేల. ఆయన భార్య వెనక కిటికీ దగ్గర మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది కాబట్టి, ఆ సేద్యమంతా కళ్ళారా చూసే భాగ్యం ఆవిడకే దక్కింది. మొదటిరోజే ఆయన ఆవిడ టేపు పట్టుకుపోయి సాళ్ళ మధ్య దూరం కొలిచాడు. టేపు మట్టి కొట్టుకుపోయి తిరిగొచ్చింది. ఆవిడ చేతిలో ఎవరివో తెల్ల చొక్కాలు.

"ఏంటే, ఏదో గొణుగుతున్నావ్?"

"ఏం లేదండీ," అంది ఆవిడ, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే.

పెళ్ళైన కొత్తలో ఆవిడ మనసులో మాట చెప్పేది. చెప్పినప్పుడల్లా ఆయన ఉపన్యాసం మొదలుపెట్టేవాడు, అన్నం చల్లారిపోయేది. చివరికి ఈ రెండు ముక్కలూ దొరికాయి. అప్పట్నుంచీ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మాస్టారు తాళ్ళు కట్టాడు, అట్టముక్కల మీద బెండ, దోస, టమాటా అని రాసి పుల్లలకు గుచ్చాడు. "తాడు దాటారో, ఫెయిలే!" అని పిల్లలను హెచ్చరించాడు. మూడేళ్ళ పిల్లాడు తాడు ఇవతలే కూర్చుని బుద్ధిగా మట్టి తిన్నాడు. ఆరేళ్ళ పిల్లకు కుళాయి పక్కనున్న మూల ఇచ్చాడు. అక్కడ తాడు తిన్నగా రాదు, అందుకని. అది గుప్పెడు చిక్కుడు గింజలు ఎక్కడపడితే అక్కడ గుచ్చి, గ్లాసుతో నీళ్ళు పోసి, "ఇంక పడుకోండి" అని చెప్పి వచ్చేసింది.

మాస్టారు మాత్రం తన గింజలను పడుకోనివ్వలేదు. పొద్దున్నే లేచి, మొహమైనా కడగకుండా, వేలితో మట్టి కెలికి ఒక్కో గింజా తీసి చూసి మళ్ళీ పూడ్చేవాడు. మొలకొచ్చిందో లేదో తెలియొద్దా అనేవాడు. స్కూల్లోనూ ఇదే వరస. నేర్చుకునేవాడి పక్కన కూర్చుని తన కాలు బ్రేకు మీంచి తీయడు. ఆయన శిష్యుల్లో చాలామంది ఇప్పటికీ బస్సుల్లోనే తిరుగుతున్నారు.

ఆయన గింజలు కుళ్ళిపోయాయి. పిల్ల చిక్కుళ్ళు మాత్రం మట్టిని నెట్టుకుని మెడలు వంచుకుంటూ లేచాయి. అది అమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది.

"ఇది నేను, ఇది తమ్ముడు, ఇది నువ్వు."

"మరి నాన్న?"

"నాన్నకి వేరే తోట ఉందిగా."

ఆదివారం వస్తున్నానని బావగారు కబురు పెట్టాడు. తోట గురించి ఆయనకు ఫోన్లో అప్పటికే కోతలు కోసి ఉన్నాడు మాస్టారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మాడుతున్న ఎండలో, పిల్లలిద్దరూ లోపల నిద్రపోతుండగా, కుళాయి మూలకు వెళ్ళి చిక్కుడు మొక్కలన్నీ పెరికి, టేపు పెట్టి కొలిచి తన తాడు వెంబడి నాటాడు. కిటికీలోంచి భార్య చూసింది. కుర్చీలోంచి సగం లేచింది.

"ఏంటి?" అన్నాడాయన వెనక్కి తిరిగి.

"ఏం లేదండీ."

బావగారు చూసి భేష్ అన్నాడు. పిల్ల కుళాయి మూలకేసి చూసింది, తాడుకేసి చూసింది. "అవి నావి," అంది.

"నీవేంటి, నావేంటి? తోటంటే అందరిదీ!" అని మాస్టారు బావగారి వైపు తిరిగి నవ్వాడు.

పొద్దుగూకేసరికి మొక్కలన్నీ వడలిపోయి తాడు మీద వాలిపోయాయి. పిల్ల గ్లాసుతో నీళ్ళు పోస్తూనే ఉంది. గింజలు నాసిరకమని మాస్టారు తేల్చేశాడు. నేరం గింజల మీదికి పోయాక ఆయన హాయిగా భోంచేశాడు. భార్యకు ఆయన మీద ఎప్పుడూ ఉండే చులకనే ఆ పూట ఇంకాస్త పెరిగింది.

మర్నాడు ఆవిడ బొత్తాల డబ్బా ఖాళీ చేసి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి పిల్లకిచ్చింది. అందులో మట్టి నింపి, మిగిలిన చిక్కుడు గింజలు వేసి, పిల్ల దాన్ని కిటికీ కింద నీళ్ళ డ్రమ్ము వెనక పెట్టుకుంది. బట్టలుతికే చోటు కాబట్టి మాస్టారు అటు రాడు.

డబ్బాలో పచ్చగా మొలక తల కనబడిన రోజునే వచ్చాడు, టేపు కోసం. ఈసారి గులాబీలట. పెరటి గుమ్మంలో ఆగి, డ్రమ్ము పక్కన కూర్చున్న కూతురిని చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా అక్కడ?"

పిల్ల గౌను అంచు డబ్బా మీదికి లాక్కుంది.

"ఏం లేదు నాన్నా," అంది, తల ఎత్తకుండా, మెత్తగా, తడుముకోకుండా.

"చూశావా, ఎంత నెమ్మదో! అచ్చం నీ పోలికే," అని మాస్టారు మురిసిపోయి, మిషన్ మీదున్న టేపు అందుకున్నాడు.

మిషన్ ఆగిపోయింది. ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది.

"టేపు అక్కడ పెట్టండి," అంది. "కూర్చోండి. మీతో ఒకటి చెప్పాలి."