ఆటలో అయితే చెయ్యి అందించేవాణ్ణి

ఒక శిఖరం. ఒక వీరుడు. చావుకీ బతుక్కీ మధ్య వేలాడిన ఒక రాత్రి... నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం.

సరే, కాదు. మడివాళలో ఒక పీజీ హాస్టల్, రెండో అంతస్తు, గోడ పక్కన డ్రైనేజీ పైపు. వీరుడు కూడా నేను కాదు. కానీ జరిగింది మాత్రం నిజం. మా అమ్మ మీద ఒట్టు వేయమన్నా వేస్తాను. ఆవిడకు తెలిస్తే తంతుంది, అయినా వేస్తాను.

ముందు ఆట సంగతి. కొండలెక్కే వీడియో గేమ్ ఒకటుంది. మొదటి భాగంలో శత్రువుల్లేరు, తుపాకుల్లేవు. ఎక్కడం, తిరిగి చూడటం, జారి పడటం, అంతే. ఈమధ్య రెండో భాగం వచ్చింది. అందులో కొత్తగా ఒకటి పెట్టారు. అప్పుడప్పుడూ మన కింద ఎవడో వేలాడుతూ చెయ్యి అందించమంటాడు. అందిస్తే మన బలం సగం పోతుంది. దీని మీద మా తెలుగు గేమర్ల గ్రూపులో పెద్ద గొడవ. "ప్రశాంతంగా ఎక్కనివ్వరా?" అని ఒకడు. "కొండెక్కడానికి వచ్చామా, సమాజసేవకా?" అని ఇంకొకడు. నేను ఊరుకోలేదు. పడిపోతున్నవాడికి చెయ్యి అందించలేనివాడు ముందు మనిషిగా ఆడటం నేర్చుకోవాలని పేజీన్నర రాశాను. జనం "అన్నా, ఏడిపించావు" అన్నారు. నేనూ కొంచెం ఏడ్చాను, నా రాతకే.

ఇక మా గది. నేను, సురేష్, రెండు మంచాలు. సురేష్‌ది మడకశిర, బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగం, సెకండ్ షిఫ్ట్. వాడొచ్చేసరికి పీజీ గేటుకు తాళం పడుతుంది. అందుకే పైపు పట్టుకుని ఎక్కుతాడు. చివర్లో కిటికీలోంచి నేను చెయ్యి అందించి లాగాలి. ఆలస్యమైన ఎవడికైనా మా కిటికీయే దారి. ఎవరని అడగకుండా లాగడం మా గది పద్ధతి.

ఆ రాత్రి నేను స్నానం చేసి వచ్చేసరికి సురేష్ మంచం మీద... ముసుగు.

"ఏరా, ఇవాళ తొందరగా వచ్చావే?" అన్నాను.

"ఊఁ" అంది ముసుగు.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో ఆటలో పడ్డాను. మంచుకొండ. గాలి. కింద ఎవడో వేలాడుతూ ఆయాసపడుతున్నాడు. చెయ్యి అందించాను. లాగాను. నా మంచితనానికి నేనే మురిసిపోయి హెడ్‌ఫోన్స్ తీశాను.

ఆయాసం ఆగలేదు.

హుఁ... హుఁ... కిటికీ దగ్గర. పైపు కిర్రుమంది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి చట్రం పట్టుకుంది. నాలుగు వేళ్లు... తడిగా...

"మామా... చెయ్యి అందియ్యి... జారిపోతాండా."

సురేష్ గొంతు.

నేను మెల్లగా... మెల్లగా మంచం వైపు తిరిగాను. దుప్పటి పైకి లేస్తోంది. దిగుతోంది. లేస్తోంది. దిగుతోంది.

"మామా... నేనే సురేష్‌ను... బిర్నా..."

కిటికీ రెక్క మూసేశాను. వేళ్ల మీదే. మెత్తగా ఏదో నలిగిన చప్పుడు... తర్వాత కింద రేకుల మీద ఏదో పడింది. నేను తొంగి చూడలేదు. లైటు వేయలేదు. మంచం వైపు వీపు పెట్టి పడుకున్నాను. సిగ్గుచేటేమిటంటే, నిద్ర కూడా పట్టింది. బాగానే పట్టింది.

పొద్దున గేటు తీశాక సురేష్ పైకి వచ్చాడు. రేకుల మీంచి దిగి, రాత్రంతా ఎదురు బేకరీ మెట్ల మీద కూర్చున్నాడట. కుడిచేతి వేళ్లు రెండు వంకాయల్లా వాచి ఉన్నాయి.

"ఏంది మామా, చెయ్యి మీదే ఏసినావే కిటికీ?"

"నువ్వు లోపలే పడుకుని ఉన్నావు రా!"

"నేనా? యాడ?"

ఇద్దరం వాడి మంచం వైపు చూశాం. ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, దిండు మీద ఉంది. ఈ పీజీ పుట్టాక ఇక్కడ దుప్పటి మడిచిన మగవాడు లేడు.

సురేష్ నవ్వబోయి మానేశాడు. "సరే, లోపల ఎవురో ఉండారు. నాకట్లా కనపడినా భయపడుదును. కానీ నేను పేరు చెప్తి గదా మామా," అన్నాడు నెమ్మదిగా. "ఫోన్‌లో ఎవురెవురినో లాగుతాంటావే."



అన్ని గదుల్లోనూ అడిగాను. సురేష్ మంచం మీద పడుకున్నానని ఎవడూ ఒప్పుకోలేదు. ఓనర్ ఆంటీని కూడా అడిగాను. "దయ్యం లేదు గియ్యం లేదప్పా, సుమ్నె, ఊరికే గలాటా చేయొద్దు. పైపెక్కే గ్యానం ఎవురు నేర్పినారో అది చెప్పు" అంది. ఆ "ఊఁ" ఎవరిదో ఈ రోజుకీ నాకు తెలియదు. సురేష్ పక్క గదికి మారిపోయాడు. ఎదురైతే పలకరిస్తాడు, ఎడమచేత్తో. నా పోస్టు కింద మాత్రం "నీలాంటి మనిషి రూమ్మేట్‌గా దొరకాలి అన్నా" అని ఇంకా రాస్తూనే ఉన్నారు. దాన్ని తీసేయాలి. తీయలేదు.

మొన్న ఆంటీ కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్ వేయించింది. బయట బట్టలారేసే తీగ చేతికి అందడం లేదు. బనియన్లు గదిలోనే ఆరేస్తున్నాను, ముక్కిన వాసన వస్తున్నాయి.